ఊరు పోయినా గోడలు మిగిలాయి: వార్రమ్ పెర్సీ చర్చి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి స్క్రీన్ కనపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఈ ఫొటోలో పైకప్పు లేని చర్చి ఒకటి ఉంది. పడమటి చివర సగం కూలిన టవర్. చుట్టూ పచ్చిక, పచ్చికలో గొర్రెలు. కనుచూపు మేరలో ఊరన్నదే లేదు. ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్‌లో, మాల్టన్ అనే పట్టణానికి ఆగ్నేయంగా, సుద్దరాతి గుట్టల మధ్య ఉన్న లోయ ఇది. ఊరి పేరు వార్రమ్ పెర్సీ. చర్చి సెయింట్ మార్టిన్ పేరు మీద కట్టింది. 10వ శతాబ్దం నుంచి 1949 దాకా, అంటే దాదాపు వెయ్యేళ్లు ఇక్కడ ఆరాధన జరిగింది. అందులో చివరి నాలుగున్నర వందల ఏళ్లలో ఈ ఊళ్లో చెప్పుకోదగ్గ జనమే లేరు. ఊరు పోయాక కూడా చర్చి ఎలా నడిచింది అన్నది కాసేపట్లో చెబుతాను.

మధ్యయుగపు చర్చిలు అనగానే అందరికీ కాంటర్బరీ, యార్క్ మిన్‌స్టర్ లాంటి కేథడ్రల్స్ గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈ పల్లెటూరి చర్చి గురించే మాట్లాడాలని వచ్చాను. రాజుల గురించి, బిషప్పుల గురించి రాసిపెట్టడానికి ఆ కాలంలోనే మనుషులున్నారు. వార్రమ్ పెర్సీలో నాగలి పట్టినవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. వాళ్లకి చదువు లేదు. శిస్తు లెక్కల్లోనో, భూమి తగాదాల్లోనో ఎక్కడో ఒక పేరు, ఒక అంకె, అంతే. కానీ ఊళ్లో జనం పెరిగినప్పుడు ఈ చర్చి గోడలు బయటికి జరిగాయి. జనం తగ్గినప్పుడు లోపలికి వచ్చాయి. ఆ రెండూ రాతిలో ఇప్పటికీ కనపడుతున్నాయి. అందుకే ఈ చర్చి అంటే నాకంత ఇష్టం.

ముందు పారిష్ సంగతి. మన దగ్గర సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పెరిగినవాళ్లకి పారిష్, పాస్టరేట్ అనే మాటలు అలవాటే. మధ్యయుగ ఇంగ్లండ్‌లో అది ఇంకా గట్టి కట్టుబాటు. పారిష్ అంటే హద్దులు గీసిన నేల. ఆ హద్దుల్లో ఉన్న ప్రతి మనిషీ ఆ చర్చికి చెందినవాడే. బాప్తిస్మం అక్కడే, పెళ్లి అక్కడే, చివరికి పూడ్చేదీ అక్కడే. పండిన గింజల్లో, పుట్టిన గొర్రెపిల్లల్లో, కత్తిరించిన ఉన్నిలో పదో వంతు చర్చికి ఇచ్చి తీరాలి. ఇప్పుడు మన సంఘాల్లో విశ్వాసంతో ఇచ్చే దశమభాగం లాంటిది కాదది. ఎగ్గొడితే చర్చి కోర్టు పిలిపిస్తుంది.

కట్టడం విషయానికొస్తే, ప్లాన్ చాలా సులువు. చర్చి తూర్పు ముఖంగా ఉంటుంది. తూర్పు చివర బలిపీఠం ఉన్న గది పేరు చాన్సెల్. అది ప్రీస్టు స్థలం. దానికి పడమరగా జనం నిలబడే పెద్ద హాలు నేవ్. రెండింటి మధ్యా ఒక ఆర్చి. జనం పెరిగితే నేవ్‌కి ఉత్తరాన, దక్షిణాన పక్క వరసలు కడతారు, వాటిని ఐల్స్ అంటారు. పడమటి చివర గంటల కోసం టవర్. తలుపు దగ్గర బాప్తిస్మపు తొట్టి. తలుపు ముందు వసారా. పెళ్లి ప్రమాణాలు ఆ వసారా దగ్గర, జనం ముందు చేసేవాళ్లు. ఆ తర్వాతే లోపలికి వెళ్లి మాస్, అంటే రొట్టె, ద్రాక్షారసపు ఆరాధన, వినేవాళ్లు.

ఇందులో ఒక నియమం బాగా గుర్తుపెట్టుకోండి. 13వ శతాబ్దం నాటికి ఇంగ్లండ్ అంతటా ఇలా స్థిరపడింది: చాన్సెల్ మరమ్మతు దశమభాగం తీసుకునే రెక్టర్ బాధ్యత, నేవ్ మరమ్మతు పారిష్ జనం బాధ్యత. మీరు ఇంగ్లండ్‌లో ఏ పల్లెటూరి చర్చికి వెళ్లినా చాన్సెల్ ఒక కాలంలో కట్టినట్టు, నేవ్ ఇంకో కాలంలో కట్టినట్టు ఉంటుంది. ఒక్కోసారి రాయి కూడా తేడాగా ఉంటుంది. డబ్బు పెట్టింది వేరు వేరు మనుషులు మరి. నేవ్ గోడ మీద కనిపించే ప్రతి మార్పూ ఊరివాళ్ల చేతిలో డబ్బు ఆడిందా లేదా అన్నది చెబుతుంది.

లోపల ఇప్పటి చర్చిల్లా బెంచీలు ఉండేవి కావు. బెంచీలు బాగా తర్వాత వచ్చాయి. అంతవరకు జనం నిలబడేవాళ్లు, మోకరిల్లేవాళ్లు. ముసలివాళ్లు గోడ వార కూర్చునేవాళ్లు. గోడల నిండా రంగుల బొమ్మలు. ప్రార్థన అంతా లాటిన్‌లో. చాన్సెల్‌కీ నేవ్‌కీ మధ్య చెక్క తెర. తెర వెనక ప్రీస్టు రొట్టెను పైకెత్తినప్పుడు గంట మోగేది, జనం తలెత్తి చూసేవాళ్లు. చదువు రాని రైతుకి ఆ రంగులు, ఆ గంట, ఆ కొవ్వొత్తుల వెలుగు ఎంత పెద్ద విషయమో ఊహించండి. అతని సొంత ఇల్లు చూస్తే కిటికీ అద్దం లేని, పొగ నిండిన పూరిల్లు. వారమంతా అతను చూసే రాతి కట్టడాల్లో అతను లోపలికి అడుగుపెట్టగలిగేది ఈ ఒక్కటే.

ఇక మన ఊరు. 1086లో విలియం రాజు దేశమంతా లెక్క రాయించిన డూమ్స్‌డే బుక్‌లో వార్రమ్ పేరు ఉంది. అప్పటికే ఊరు పాతదే. పెర్సీ అన్నది తర్వాత వచ్చిన జమీందారీ కుటుంబం పేరు. ఊళ్లో ఇంకో జమీందారీ కుటుంబం చాంబర్లెయిన్‌లది. 13వ శతాబ్దం మధ్యలో వాళ్ల వాటా కూడా పెర్సీలకే వచ్చింది. ఇళ్లన్నీ లోయకి పడమర గట్టు మీద వరసలుగా ఉండేవి. ఇంటి వెనక ఒక్కొక్కరికి పొడుగాటి దొడ్డి. చర్చి మాత్రం గట్టు కింద, లోయలో నీటి ఊటకి దగ్గరగా ఉంది. ఆదివారం ఊరంతా గట్టు దిగి రావాలి. చర్చికి దక్షిణాన చెరువు ఉంది. ముందు అది మిల్లు కోసం కట్టిన ఆనకట్ట, తర్వాత చేపల చెరువు.

ఈ సంగతులు బయటపడ్డ తీరు కూడా చెప్పాలి. మోరిస్ బెరెస్‌ఫోర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు లీడ్స్ యూనివర్సిటీలో పనిచేసేవాడు. అప్పట్లో పెద్ద పేరున్న చరిత్రకారులు కూడా ఇంగ్లండ్‌లో ఊళ్లకి ఊళ్లు మాయమవడం అరుదు అనే అనేవాళ్లు. బెరెస్‌ఫోర్డ్ పాత పన్ను లెక్కలు, పాత మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని, లెక్కల్లో ఉండి నేల మీద లేని ఊళ్ల కోసం కాలినడకన తిరిగాడు. 1948లో వార్రమ్ పెర్సీకి వచ్చాడు. పచ్చిక కింద ఇళ్ల గట్లు, వీధి పల్లం చూడగానే తెలిసిపోయాయి. మన పల్లెల్లో పాటిదిబ్బ చూసి ఇక్కడ ఒకప్పుడు ఊరుండేది అని పెద్దలు చెప్పినట్టే. 1950లో చిన్నగా తవ్వకం మొదలైంది. జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త వచ్చి కలిశాడు. ఇద్దరూ కలిసి 1990 దాకా ప్రతి వేసవిలో తవ్వించారు. అక్కడక్కడ గుంటలు తియ్యడం మానేసి, ఇంటి స్థలం మొత్తాన్ని ఒకేసారి పొర తర్వాత పొర తెరిచే పద్ధతిని డెన్మార్క్ నుంచి నేర్చుకుని ఇక్కడ వాడారు. ఇంగ్లండ్‌లో మధ్యయుగంలో ఉండి తర్వాత పోయిన ఊళ్లు సుమారు 3,000 అని ఇప్పుడు లెక్క. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా పరిశోధించింది ఈ ఊరినే.

1962 నుంచి 1974 దాకా వాళ్లు చర్చినే తవ్వారు. లోపలి నేల, చుట్టూ ఉన్న సమాధుల దొడ్డిలో కొంత భాగం. నాకు మొత్తం కథలో ఎక్కువ నచ్చే భాగం ఇది.

నేవ్ నేల కింద అన్నిటికంటే అడుగున చెక్క స్తంభాలు నాటిన గుంటలు దొరికాయి. 10వ శతాబ్దపు చెక్క చర్చి. ఊరి పెద్ద ఎవరో తన ఇంటివాళ్ల కోసం, తన మనుషుల కోసం కట్టించుకుని ఉంటాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పల్లెటూరి చర్చిలు చాలావరకు అలాగే పుట్టాయి. దాని మీద 11వ శతాబ్దంలో చిన్న రాతి చర్చి. ఒక నేవ్, ఒక చాన్సెల్, అంతే. దాని పునాదులు ఇప్పటి నేవ్ లోపలే ఉన్నాయి. ఇది జాగ్రత్తగా వినండి. పాత చర్చి చుట్టూ పెద్ద చర్చి గోడలు లేచాయి. బయట గోడలు లేస్తుంటే లోపల పాతదాన్ని వీలైనంత కాలం ఉంచుకోవచ్చు, ఆరాధన ఆపక్కర్లేదు. ఇంగ్లండ్‌లో మేస్త్రీలు ఈ పద్ధతి చాలా చోట్ల వాడారు.

12వ శతాబ్దం నాటికి పొడుగాటి నేవ్, పడమర టవర్ వచ్చేశాయి. ఆ శతాబ్దం చివర్లో దక్షిణం వైపు పక్క వరస కట్టారు. 13వ శతాబ్దంలో ఉత్తరం వైపు ఇంకొకటి. తర్వాత ఈశాన్యంలో చాపెల్ అనే చిన్న ప్రార్థన గది ఒకటి. పక్క వరస కట్టడమంటే ఏం చేస్తారో ఒక్క నిమిషం చూద్దాం. నేవ్ గోడ అలాగే ఉంటుంది, దాని పైన కప్పు బరువు ఉంటుంది. ఆ గోడకి ఆసరాలు పెట్టి కింది భాగంలో కన్నాలు తొలుస్తారు. ఆ కన్నాల్లో స్తంభాలు, స్తంభాల మధ్య ఆర్చీలు. గోడ పైభాగం ఆర్చీల మీద కూర్చుంటుంది. తర్వాత బయట ఇంకో గోడ కట్టి, రెండింటినీ కలుపుతూ వాలు కప్పు వేస్తారు. పాత గోడ ఒక్క రాయి జారితే కప్పు నెత్తిన పడుతుంది. ఇంత ప్రమాదకరమైన పనికి, ఇంత ఖర్చుకి ఊరు సిద్ధపడిందంటే లోపల నిలబడడానికి చోటు చాలక కాదూ!

ఖర్చు అన్నాను కదా, రాయి సంగతి కూడా చెప్పాలి. ఈ గుట్టల్లో దొరికేది సుద్దరాయి. మెత్తన. గోడ లోపల నింపడానికి పనికొస్తుంది. వానకి, మంచుకి ఎదురు నిలిచే మూలలకీ, స్తంభాలకీ, చెక్కడం పనికీ గట్టి రాయి కావాలి. దాన్ని బయటి గనుల నుంచి బండ్ల మీద తేవాలి. ఎద్దులు, మనుషులు, దారులు, అన్నీ ఊరివాళ్లవే. జమీందారు దానం చేసి ఉండొచ్చు. కానీ ఆ నేవ్‌లో రైతుల చెమట లేదంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు దక్షిణపు గోడ. ఈ స్లైడ్ దగ్గర కాసేపు ఆగుతాను. గోడలో ఆర్చీల ఆకారాలు కనపడుతున్నాయా? ఒకప్పుడు తెరుచుకుని ఉన్నవి. ఆర్చి అంచుకి చెక్కిన రాళ్లు, ఆర్చి లోపల మాత్రం వేరే రకం రాళ్లతో మూసేసిన గోడ. ఆ మూసిన గోడ మధ్యలో కిటికీ చూడండి. అది కొత్తగా చేయించింది కాదు. బయటి పక్క వరస గోడలో ఉన్న పాత కిటికీని ఊడదీసి తెచ్చి ఇక్కడ పెట్టారు. వసారా దగ్గర ద్వారం కూడా అంతే, 12వ శతాబ్దపుదాన్ని కదిలించి మళ్లీ వాడుకున్నారు. అంటే ఏమైందంటే, ఊళ్లో జనం తగ్గారు. రెండు పక్క వరసల్లో నిలబడడానికి మనుషులు లేరు. పైకప్పు కారుతోంది. బాగు చేయడానికి డబ్బు లేదు. అప్పుడు మిగిలినవాళ్లు కూర్చుని ఆలోచించి, పక్క వరసలు తీసేద్దాం, ఆర్చీలు మూసేద్దాం, పనికొచ్చే కిటికీలు దాచుకుందాం అనుకున్నారు. ఓడిపోయినవాళ్ల పని కాదిది. ఉన్నదాంట్లో దేవుడి ఇంటిని నిలబెట్టుకున్నవాళ్ల పని.

ఎందుకు తగ్గారు? దాదాపు అందరూ ప్లేగు అంటారు. 1349లో ప్లేగు ఇక్కడికి వచ్చిన మాట నిజమే. కానీ కష్టాలు అంతకుముందే మొదలయ్యాయి. 1315 నుంచి 1317 దాకా వానలు ఆగకుండా కురిసి ఇంగ్లండ్‌లో పెద్ద కరువు. తర్వాత పశువుల తెగులు. 1322లో స్కాట్లండ్ సైన్యం యార్క్‌షైర్ మీద పడి దోచుకుంది. 1323లో వార్రమ్‌లో జరిగిన విచారణ పత్రంలో మూడింట రెండు వంతుల భూమి సాగు లేకుండా పడి ఉందనీ, మిల్లులు పాడయ్యాయనీ రాసి ఉంది. ప్లేగుకి పాతికేళ్ల ముందు మాట అది. ప్లేగు వచ్చి చాలామందిని తీసుకుపోయింది, అయినా ఊరు చావలేదు. 1368 నాటికి 30 ఇళ్లలో జనం ఉన్నారు. పొలం దున్నుతున్నారు, పన్ను కడుతున్నారు.

ఊరిని చంపింది ఉన్ని. ప్లేగు తర్వాత కూలీలు దొరకడం కష్టమై కూలి రేట్లు పెరిగాయి. గింజల ధర పడిపోయింది. ఉన్నికి మాత్రం గిరాకీ. వంద మంది దున్నే భూమిని గొర్రెలకి వదిలితే ఒకరిద్దరు కాపర్లు చాలు. 15వ శతాబ్దం మొదట్లో ఊరు పెర్సీల నుంచి హిల్టన్ కుటుంబం చేతికి వచ్చింది. 1458 నాటికి ఇళ్లు 16. 1517లో ప్రభుత్వం ఊళ్లు ఎలా ఖాళీ అవుతున్నాయో విచారణ చేయించింది. ఆ విచారణలో, 1488 తర్వాత హిల్టన్ జమీందారు ఇక్కడ నాలుగు నాగళ్లు ఆపించి, నాలుగు ఇళ్లు పాడుబడనిచ్చాడని నమోదైంది. చివరి నాలుగు కుటుంబాలన్నమాట. ఎక్కడికి పోయారో, ఏం తిన్నారో ఎవరూ రాయలేదు. నాలుగు నాగళ్లు అన్న ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. తరతరాలుగా దున్నిన నేల అది.

సమాధుల సంగతి చెప్పకుండా ఈ ఊరి గురించి మాట్లాడడం కుదరదు. తవ్వకాల్లో చర్చి లోపలా చుట్టూ 687 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఇంగ్లండ్‌లో మధ్యయుగపు పల్లెటూరి జనం గురించి ఇంత పెద్ద సాక్ష్యం దొరకడం చాలా అరుదు. నగరాల్లో, మఠాల్లో దొరికాయి గానీ, మామూలు రైతులవి ఇన్ని దొరకలేదు.

ఆ ఎముకలు చెప్పిన సంగతులు కొన్ని. పద్నాలుగేళ్ల పిల్ల ఎత్తు ఇప్పటి పదేళ్ల పిల్ల ఎత్తంత ఉంది. తిండి చాలక, జబ్బులతో ఎదుగుదల మందగించింది. కానీ ఎదగడం ఎక్కువ ఏళ్లు సాగేది, పెద్దయ్యేసరికి తేడా చాలావరకు తగ్గిపోయేది. ఎముకల్లోని నత్రజనిని పరీక్షిస్తే తల్లులు పిల్లలకి సుమారు ఏడాదిన్నర దాకా పాలిచ్చారని తేలింది. ఆ వయసు దాకా పిల్లల ఎదుగుదల బాగానే ఉంది, పాలు మాన్పించాకే అసలు కష్టం మొదలయ్యేది.

ఇంకొకటి. సుమారు నలభై ఏళ్ల మగమనిషి పుర్రె, 960కీ 1100కీ మధ్య కాలానిది. తల మీద మొద్దు ఆయుధంతో గట్టి దెబ్బ తగిలి ఎముక లోపలికి నొక్కుకుపోయింది. ఎవరో ఆ చోట చర్మం ఎత్తి, ఎముక గీకి, విరిగిన ముక్కలు తీసేశారు. ఎముక అంచులు మానిపోయి నున్నగా ఉన్నాయి. అంటే మనిషి బతికాడు, చాలాకాలం బతికాడు. పేరున్న వైద్యులు ధనవంతులకి మాత్రమే అనుకునే కాలంలో ఒక రైతుకి ఇలాంటి ఆపరేషన్ చేసింది ఊళ్లు తిరిగే వైద్యుడెవరో అయి ఉండాలని పరిశోధకులు అన్నారు.

చర్చి దొడ్డిలో పూడ్చనివాళ్లు కూడా ఉన్నారు. ఇళ్ల మధ్య గుంటల్లో 137 ఎముకలు దొరికాయి, కనీసం పది మందివి. చిన్నపిల్లల నుంచి యాభై దాటినవాళ్ల దాకా. వాటి మీద కత్తి గాట్లు, విరగ్గొట్టిన గుర్తులు, కాల్చిన మరకలు. 2017లో దీని మీద పరిశోధన ఫలితాలు వచ్చాయి. కరువులో మనుషులు మనుషుల్ని తిన్నారా అని చూశారు. కానీ మాంసం కోయడానికి గాట్లు కండరాలు అంటుకునే చోట ఉండాలి, ఇక్కడ ఎక్కువగా తల, మెడ దగ్గర ఉన్నాయి. పరాయివాళ్లని చంపారా అని పళ్లని పరీక్షించారు. వీళ్లు ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లే అని తేలింది. మిగిలిన కారణాల్లో బలంగా నిలబడేది ఒకటే: చచ్చినవాళ్లు లేచి వచ్చి ఊరికి కీడు చేస్తారన్న భయంతో శవాల్ని నరికి కాల్చారు. 12వ శతాబ్దంలో యార్క్‌షైర్‌లోనే ఒక మఠవాసి ఇలాంటి సంఘటనలు నిజంగా జరిగినట్టు రాసిపెట్టాడు.

ఇది విని వాళ్లు మూఢులు అని తీసిపారేయకండి. ఆ కాలంలో బాప్తిస్మపు తొట్టికి మూత పెట్టి తాళం వేయాలని బిషప్పులు ఆదేశాలిచ్చారు. ఎందుకంటే ఆ నీళ్లు ఎత్తుకెళ్లి మంత్రాలకి వాడేవాళ్లు. చర్చి, భయం, మందు, మంత్రం అన్నీ ఒకే మనిషి బతుకులో కలిసే ఉండేవి. ఆదివారం గట్టు దిగి వచ్చి తెర ముందు మోకరిల్లినవాడే, చచ్చిన పొరుగువాడి గురించి రాత్రి భయపడి ఉంటాడు. ప్లేగు, కరువు, పసిపిల్లల చావులు చూస్తూ బతికినవాళ్లు. వాళ్ల భయాన్ని ఇక్కడ కూర్చుని తక్కువ చెయ్యడం నాకు ఇష్టం లేదు.

సరే, మొదట అన్న మాటకి వస్తాను. 1500 ప్రాంతానికి ఊరు ఖాళీ. మరి చర్చి ఎలా నిలిచింది? పారిష్ అంటే హద్దులున్న నేల అని చెప్పాను కదా. వార్రమ్ పెర్సీ పారిష్‌లో ఇంకా కొన్ని పల్లెలు ఉన్నాయి: థిక్సెన్‌డేల్, రెయిస్‌థోర్ప్, బర్డేల్, టౌథోర్ప్. వాటిలో కొన్ని కూడా తర్వాత చితికిపోయాయి. థిక్సెన్‌డేల్ మాత్రం నిలబడింది. అక్కడి జనానికి చట్టప్రకారం చర్చి ఇదే. కొండలు ఎక్కి దిగి నడిచి వచ్చేవాళ్లు, చలికాలం మంచులో కూడా. శవాన్ని మోసుకుని వచ్చేవాళ్లు. జనం తక్కువ కాబట్టి చర్చిని ఇంకా కుదించుకున్నారు. 17వ శతాబ్దంలో చాన్సెల్‌ని పొట్టిగా చేసి కట్టుకున్నారు.

1870 నాటికి థిక్సెన్‌డేల్‌లోనే కొత్త చర్చి వచ్చింది. జమీందారు సర్ టాటన్ సైక్స్ డబ్బు పెట్టాడు, జి.ఇ. స్ట్రీట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ కట్టాడు. దానితో సెయింట్ మార్టిన్ చర్చికి వచ్చేవాళ్లు పలచబడిపోయారు. 1949లో వాడకం ఆగింది. తర్వాత కప్పు మీది సీసం రేకులు దొంగలు ఎత్తుకుపోయారు. సీసం పోతే కప్పు లోపలికి నీళ్లు, నీళ్లు దిగితే గోడలకి ముప్పు. 1959 డిసెంబర్‌లో గాలివానకి టవర్ పడమటి సగం కూలింది. ఊరు పోయిన నాలుగున్నర శతాబ్దాల్లో జరగనిది పదేళ్లలో జరిగిపోయింది. ఒక కట్టడాన్ని నిలబెట్టేది రాయి కంటే కూడా అందులోకి వచ్చిపోయే మనుషులే అని నాకు అక్కడ గట్టిగా అనిపిస్తుంది.

కూలిన టవర్ వల్ల మనలాంటివాళ్లకి ఒక మేలు మాత్రం జరిగింది. ఇప్పుడు పడమర నుంచి చూస్తే టవర్ నిలువునా కోసినట్టు తెరుచుకుని ఉంటుంది. గోడ ఎంత మందమో, బయట చెక్కిన రాళ్లు, లోపల నింపుడు రాళ్లు, మధ్యలో సున్నం ఎలా ఉన్నాయో కళ్లారా చూడొచ్చు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే ఆ గోడ ముందు అరగంట నిలబడండి.

ఎవరో చెయ్యెత్తారు... అక్కడికి వెళ్లి చూడొచ్చా అని అడుగుతున్నారు. చూడొచ్చు, టికెట్ లేదు. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటుంది. యార్క్‌లో, లీడ్స్‌లో చదువుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు కదా, యార్క్ నుంచి స్కార్‌బరో వెళ్లే రైలెక్కి మాల్టన్‌లో దిగాలి. అక్కడి నుంచి కారు మంచిది. కారు పైన ఆపి కిలోమీటరు పైగా దిగి నడవాలి. వాన పడితే దారి జారుతుంది, మంచి బూట్లు వేసుకోండి. పొద్దున్న పెందలాడే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు గట్టు మీద ఇళ్ల గోడల గట్లు నీడలతో సహా తేలతాయి. మధ్యాహ్నం వెళ్తే ఒట్టి పచ్చికే కనపడుతుంది. ముందు గట్టు మీద ఇళ్లు చూసి, ఆ తర్వాత కిందికి దిగి చర్చి చూడండి, ఊరివాళ్లు వచ్చిన దారి అదే. దక్షిణపు గోడ దగ్గర ఆర్చీలు లెక్కపెట్టడం మాత్రం మర్చిపోవద్దు. ఇంకేమైనా అడగాలంటే అడగండి, ప్రొజెక్టర్ ఆపను.